ఊడింది వైరు, గొంతు కాదు

జగిత్యాల వేదిక మీద నా పాట సగంలో ఆగిపోయింది. నా దమ్ము చాలక కాదు, మైకు వైరు ఊడదీసినందుకు. ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు. చెవిన పెట్టిన మనిషీ లేడు. మా పాటల బృందం వాట్సాప్ గ్రూపులో రాశాను. అందరూ చదివినట్టు నీలి టిక్కులు పడ్డాయి, ఆ కిందనే ఎవరో పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టారు. పెళ్లిళ్లలో ఎదురుపడినవాళ్లను అడిగాను. "తిన్నవా?" అని నన్నే అడిగి పక్కకు తప్పుకున్నారు. చివరికి మా ఇంట్లో కూడా నేను "జగిత్యాలల ఆ నాడు" అని నోరు తెరవగానే మా ఆవిడ మిక్సీ వేస్తుంది. అందుకే రాస్తున్నాను. కాగితం మీది మాటను మిక్సీ మోతలో ముంచలేరు.

నేను ఏదీ మర్చిపోనని నా మీద ఒక ఫిర్యాదు ఉంది. నిజమే, మర్చిపోను. మర్చిపోవాల్సిన పని నాది కాదు, జవాబు చెప్పాల్సిన పని వాళ్లది.

నేను పుట్టి పెరిగింది సిరిసిల్లలో. మా తాత చేతిమగ్గం మీద నేశాడు, మా నాన్న సాంచెలు నడిపాడు. పవర్‌లూములను మా ఊళ్లో సాంచెలనే అంటాం. ఒక్క సాంచె మోతే చెవులు పోగొడుతుంది. ఒక రేకుల షెడ్డులో వరసగా నడిచే సాంచెల మధ్య బతికినవాళ్లు మెల్లగా ఎలా మాట్లాడతారు? ఇంట్లో ఉప్పు అడిగినా వీధిలో కొట్లాట అనుకుంటారు. పాట కూడా అంతే. మోతను దాటి వినిపిస్తేనే అది పాట, దాటకపోతే గొణుగుడు.

నాది చిన్న గొంతు. పుట్టుకతోనే చిన్నది. రాగం తప్పదు, మాట తప్పదు, కాని పక్క సాంచె దాకా పోదు. మా మేనత్త కొడుకు, నాకు బావ, అదే షెడ్డులో పనిచేసేవాడు. అతను పాట ఎత్తుకుంటే వీధి చివర పాన్‌డబ్బా దగ్గర నిలబడ్డవాళ్లు తల ఊపేవాళ్లు. అతనే పాటగాడు. నేను పెదాలు కదిపితే వచ్చి నా నోటి దగ్గర చెవి పెట్టి, షెడ్డంతా చూసేలా అడిగేవాడు:

"ఏం బామ్మర్ది, పాట పాడుతున్నవా, దోమకు జోల పాడుతున్నవా?"

అందరూ నవ్వేవాళ్లు. సాంచెల మోతలో నవ్వులు వినిపించవు, పళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఎవరెవరి పళ్లు కనిపించాయో నేను ఇప్పటికీ చెప్పగలను.

ఒక మధ్యాహ్నం నేను పాడుకుంటుండగా కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే మిగిలింది. అది మా అమ్మ నూలు కండెలు చుడుతూ పాడుకునే పాట. నేను బెదిరి ఆపబోతే, మూలన పడుగు పోగులు అతుకుతున్న ముసలాయన తల ఎత్తకుండానే అన్నాడు: "ఆపకు. నడువనియ్యి." నడిపించాను. ఎవరూ నవ్వలేదు. బావ కూడా నవ్వలేదు, బీడీ ముట్టించుకోవడం మర్చిపోయి పుల్ల చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అంతలో కరెంటు వచ్చింది. అందరూ సంతోషించారు, నేను తప్ప.

ఆ రోజుల్లోనే మా అన్న దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ ఒక హోటల్లో సామాను మోసే పని. అతను పెట్టె విప్పుతుంటే ఇల్లంతా చుట్టూ చేరింది. దుప్పట్లు చిన్నమ్మలకు, అత్తరు సీసాలు మామలకు, టార్చిలైటు నాన్నకు పోయాయి. అడుగున ఒక తువ్వాలులో చుట్టిన వస్తువు మిగిలింది. చిన్నమ్మ విప్పి చూసి, "గిదేందిరా, రొట్టెల కర్రనా?" అంది. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నాకు దక్కింది. మా ఇంట్లో నాకు వచ్చిన ప్రతి వస్తువూ ఆ దారినే వచ్చింది.

అది చేతిలో పట్టుకుని పాడే కండెన్సర్ మైకు. సన్నటి వెండిరంగు గొట్టం, పైన జాలీ తల, ఆ తలకు నల్లటి స్పాంజి టోపీ. నడుమ దగ్గర తిప్పితే రెండుగా విడిపోతుంది, లోపల ఒక పెన్సిల్ సెల్లు పడుతుంది. స్విచ్ జరిపితే ఎర్ర దీపం ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతుంది. ఆరిందంటే పాడైందని కాదు, సెల్లు బాగుంది, మైకు వింటున్నది అని.

"తమ్మీ, మా హోటల్ల పాడేటామె అసలు అరువనే అరువది," అన్నాడు అన్న. "చెవుల చెప్పినట్టు పాడ్తది. ఆఖరి కుర్చీల కూసున్నోనికి గూడ వినవడ్తది. గీ మైకుతోనే. కొత్తయి వచ్చినయని గివి పారేస్తుంటే అడిగి తెచ్చిన. నాకు నువ్వే యాదికొచ్చినవు."

నేను యాదికొచ్చానని నాకు చెప్పిన మనిషి అతనొక్కడే. అతని పేరు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మామూలు మైకును గొంతుతో నెట్టాలి. పెదాలకు ఆనించి, ఊపిరంతా పోసి అరిస్తేనే అది కదులుతుంది. అందుకే మన దగ్గర ప్రతివాడూ మైకు దొరకగానే ముందు దాన్ని వేలితో కొట్టి, "ఉఫ్, ఉఫ్" అని ఊది చూస్తాడు. కండెన్సర్ మైకు అలాంటి మర్యాదలు సహించదు. దాని లోపల ఉల్లిపొర కంటే పల్చటి రేకు ఉంటుంది. దానికి కాస్త కరెంటు అందిస్తే చాలు, మనిషి దగ్గరికి అదే వస్తుంది. జానెడు దూరంలో పెట్టి మామూలుగా మాట్లాడితే ఊపిరి తీసిన చప్పుడుతో సహా పట్టుకుంటుంది. మొదటిసారి అన్న తెచ్చిన టేపురికార్డరుకు తగిలించి పాడి విన్నప్పుడు నా పాట వినిపించింది. దాంతోపాటు వీధిలోని సాంచెలన్నీ వినిపించాయి. సిరిసిల్లలో నాకూ ఆ మైకుకూ చోటు లేదని అప్పుడే అర్థమైంది.

పెళ్లయ్యాక అత్తగారి ఊరు కోరుట్ల వచ్చి బట్టల దుకాణంలో పనికి కుదిరాను. అక్కడా, "గింత మెల్లగ మాట్లాడితే గిరాకి ఆగుతదా?" అన్నారు. అదీ గుర్తుంది. కాని కోరుట్ల మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉండేవి. గల్ఫుకు పోయినవాళ్ల ఇళ్లు మా వాడలో చాలా. ఫోను మాట్లాడడం అందరి వల్లా కాని కాలం. ఆడవాళ్లు మాటలు క్యాసెట్టులో నింపి, పోయేవాళ్ల చేతికిచ్చి భర్తలకు పంపేవాళ్లు. వాళ్లకు ఒక చిక్కు ఉండేది. పక్క గదిలో అత్త ఉంటుంది. టేపురికార్డరులోని మైకుకు వినిపించేలా మాట్లాడితే అత్తకూ వినిపిస్తుంది. నా మైకు సంగతి తెలిసి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. మా ఆవిడ వాళ్లను లోపల కూర్చోబెట్టి, మైకు పెట్టి, బటన్ నొక్కి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చి బీడీలు చుట్టుకునేది. వాళ్లు గుసగుసగా ఏం చెప్పుకున్నారో మాకు తెలియదు. దుబాయిలో వాళ్ల మొగుళ్లకు మాత్రం వినిపించింది. వినిపించిందని జవాబు క్యాసెట్లు వచ్చాయి.

జవాబు వస్తుంది. అడిగినవాడికి జవాబు వచ్చే పద్ధతి ఈ లోకంలో ఉంది. నాకు రాలేదు, అంతే.

ఆ మైకుతోనే నేను మెల్లమెల్లగా పాటగాణ్ణయ్యాను. ఇళ్లలో సీమంతాలకు, నామకరణాలకు పిలిచేవాళ్లు. చిన్న స్పీకరు బాక్సు ఒకటి కొనుక్కున్నాను. ఈలోపు సిరిసిల్లలో బావ పెద్ద బృందం కట్టాడు. డప్పులు, గజ్జెలు, ఒకే రంగు కండువాలు. జిల్లా అంతా పేరు. తన బృందంలోకి నన్ను పిలవడానికి అతనికి ఇన్నేళ్లు పట్టింది. పిలిచింది కూడా నాకోసం కాదు. జగిత్యాల కార్యక్రమంలో దుముకుడు పాటల నడుమ ఆటగాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఒక మెల్లటి పాట కావలసి వచ్చింది.

వెళ్లాను. మైకు సెట్టు నడిపే అతను నా చేతిలోని వస్తువును చూసి నవ్వాడు.

"పెద్దాయనా, గిది యాడికెళ్లి తవ్వి తీసినవు?"

"నువ్వు పుట్టకముందు నుంచి పాడుతున్నది. వైరు పెట్టు."

"కూత పెడ్తదే గిది. బాక్సులు మొత్తుకుంటయి."

"నేను బాక్సుల ముందట నిలవడ. ఎనుకకు నిలవడ్త. నువ్వు జర తగ్గించి పెట్టు."

గొణుక్కుంటూనే వేదిక పక్కనున్న వైర్ల డబ్బాలో నా వైరు తగిలించాడు. నేను జానెడు దూరం నుంచి రెండు మాటలు పాడాను. అతను బటన్ల మీద నుంచి చెయ్యి తీసి నా వైపు చూశాడు. "అబ్బో, మంచిగనే ఉన్నదే!" అన్నాడు.

పాటకు ముందు మైకు విప్పి కొత్త సెల్లు వేస్తుంటే బావ వచ్చాడు. ఒక చెవికి ఫోను, రెండో చెవి నాకు.

"సెల్లేసుకుంటదా గది? మరి గా వైరెందుకు? అడ్డం గాదా?"

"సెల్లు దాని లోపటికి, బావా. పాట బయటికి పోవాల్నంటే వైరు ఉండాల్నే. గిది కార్డ్‌లెస్ గాదు."

"ఆఁ, ఆఁ," అన్నాడు. అది నాకన్నాడో, ఫోనుకన్నాడో! కాని నేను చెప్పాను. చెప్పానన్నది అందరూ గుర్తుపెట్టుకోవాలి.

మా అమ్మ కండెల పాటే ఎత్తుకున్నాను. హాల్లో డప్పుల వేడి ఇంకా చల్లారలేదు, జనం మాట్లాడుకుంటున్నారు. మొదటి చరణం సగానికి మాటలు తగ్గాయి. రెండో చరణానికి ఎవరో పిల్లను ఊరుకోబెట్టడం వినిపించింది. నేను కళ్లు మూసుకున్నాను. కరెంటు పోయిన ఆ మధ్యాహ్నం తర్వాత అంత నిశ్శబ్దం నాకు దొరకడం అదే. అప్పుడు బాక్సుల్లోంచి నా గొంతు మాయమైంది. నా నోట్లో పాట ఉంది, హాల్లో లేదు. కళ్లు తెరిచాను. తరవాతి ఆటవాళ్లు గజ్జెలతో వేదిక ఎక్కుతున్నారు. వాళ్ల కాళ్లకు అడ్డం వస్తుందని బావ డబ్బాలోంచి వైరు గుంజి చేతికి చుట్టుకుంటున్నాడు. మైకులో సెల్లు ఉంది కదా, ఇక వైరుతో పనేముందని అతని లెక్క!

నేను ఆపలేదు. ఆ చిన్న గొంతుతోనే పాడుతూ వైరు వైపు చెయ్యి చూపించాను. ముందు వరసలోవాళ్లకు వినిపించి ఉంటుంది. వెనక ఈలలు మొదలయ్యాయి. అప్పుడు బావ తన మైకు తీసుకుని అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా ఇవి:

"మా బామ్మర్దికి దమ్ము ఒడిసింది! ఏం చేస్తం, సాంచెలు నడిపిన పానం! ఓ సారి చప్పట్లు కొట్టుండ్రి, పాపం!"

కొట్టారు. హాలంతా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. వైరు పొరపాటున గుంజాడు, ఒప్పుకుంటాను. డబ్బాలో తిరిగి పెడితే పాట నడిచేది. కాని వైరు తన చేతిలో ఉండగా నా గొంతు పోయిందని మైకులో చెప్పాడు. "పాపం" అన్నాడు. ఆ పాపం నాకు అక్కర్లేదు.

దిగాక సెట్టు అతన్ని అడిగాను, చూశావా లేదా అని.

"చూసిన, పెద్దాయనా. కని నేను చెప్పనే. రేపు మళ్ల నన్ను పిలవాల్నా, వద్దా?"

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అంది: "బావ గాకుంటె ఎవలంటరు? వరుసకు బావాయె, పరాచికమాడిండు. నీ పెండ్లి నాడు చెప్పులు దాచిండు, గది యాది లేదా?"

"యాదికున్నది. చెప్పులు మళ్ల ఇచ్చిండు."

ఆమె లేచి వెళ్లి మిక్సీ వేసింది.

అందరిదీ అదే మాట. బావ, బామ్మర్దుల నడుమ ఏదైనా చెల్లుతుందట. చెల్లుతుంది, నాకూ తెలుసు. నేనూ అతని బట్టతల మీద, అతని గురక మీద ఎన్ని అన్నానో. కాని పరాచికానికి ఒక జాగా ఉంది. ఇంటి అరుగు మీద, పెళ్లి పందిట్లో, అన్నం తినే దగ్గర. అక్కడ నేను తిరిగి అనగలను. హాల్లో అతనికి మైకు ఉంది, నాకు వైరు లేదు. తిరిగి అనలేనివాడిని అనేదాన్ని పరాచికమనరు.

నేను కోరింది పెద్దదేమీ కాదు. అదే బృందం ముందు, మైకులో, ఒక్క మాట. "వైరు నేను గుంజిన, మావాని గొంతు మంచిగనే ఉండె." అంతే. దానికి బదులుగా నాకు గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు వచ్చాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు బావ గొంతు పోయింది. ఇది నేను సంతోషంగా రాయడం లేదు, బాధగానూ రాయడం లేదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఏళ్ల తరబడి సాంచెల మీదుగా అరిచి, డప్పుల మీదుగా అరిచి, గొంతులో కాయలు కాశాయట. ఇకమీద గట్టిగా మాట్లాడితే ఉన్నది కూడా పోతుందని కరీంనగర్ డాక్టరు చెప్పాడట. ముందు అతని బిడ్డ ఫోను చేసింది. "మామా, నీ కాడ పాత మైకు ఉన్నదంట గద, మెల్లగ పాడినా వినవడ్తదంట గద?" అంది. ఎవరు చెప్పారు అంటే, "బాపే చెప్పిండు" అంది.

అంటే అతనికి తెలుసు. జగిత్యాలలో ఆ రెండు చరణాలూ అతను విన్నాడు.

"మీ బాపునే రమ్మను" అన్నాను.

వచ్చాడు. సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చి, బస్టాండు నుంచి మా ఇంటికి నడిచి వచ్చాడు. మెడకు మఫ్లరు. "చెల్లె, మంచిగున్నవా?" అని మా ఆవిడను పలకరిస్తే ఆమెకు వినిపించక, "ఏందన్నా?" అని రెండుసార్లు అడిగింది. వీధి చివరి పాన్‌డబ్బా దాకా వినిపించిన గొంతు అది. ఆమె చాయ్ తెస్తానని వంటింట్లోకి పోయి అక్కడే ఆగిపోయింది.

నేను మైకు తీసి, సెల్లు వేసి, వైరు చిన్న బాక్సుకు తగిలించి అతని ముందు పెట్టాను. ఎర్ర దీపం మిణుక్కుమని ఆరింది.

"పోయిందా?" అన్నాడు గాలిలాంటి గొంతుతో.

"పోలే. ఇంటున్నది. పాడు."

పాత అలవాటుతో పెదాలకు ఆనించుకున్నాడు. నేను అతని చెయ్యి పట్టి జానెడు దూరం జరిపాను. ఊదబోయాడు, వద్దన్నాను. ఒక్క వరస పాడాడు. కండెల పాట. మా అమ్మ పాట, అంటే అతని మేనమామ భార్య పాట, అతనూ చిన్నప్పటి నుంచి విన్నదే. బాక్సులోంచి అతని గొంతు వచ్చింది. గరుకుగా, చిన్నగా, కాని ఒక్క పలుకు పోకుండా వచ్చింది. అతను మైకు వైపు కాక బాక్సు వైపు చూస్తూ ఉండిపోయాడు. అరవకుండా పాడిన తన గొంతును అతను ఎప్పుడూ విని ఉండడు.

"బామ్మర్ది, మల్ల సిరిసిల్లల ప్రోగ్రాం ఉన్నది. గిది ఇస్తవా? ఒక్క పాట పాడి ఇడిసిపెడ్త."

"ఇస్త. సెల్లు, వైరు, టోపీ అన్ని కలిపి ఇస్త. ఇప్పుడు గీ మైకులనే ఒక్క మాట చెప్పు. జగిత్యాలల వైరు గుంజిందెవరు?"

గోడ వైపు చూశాడు. "ఎన్నటి ముచ్చట. ఇంకా అదే పట్టుకున్నవా?"

"నువ్వు ఇడిసిపెట్టినవు గద. ఎవరో ఒకరు పట్టుకోవాలె."

"డాక్టరు మాట్లాడొద్దన్నడురా."

"పాడుమన్నడా?"

చాయ్ రాలేదు. వంటింట్లో మిక్సీ చప్పుడూ రాలేదు. ఆ రోజు మా ఆవిడ కూడా జవాబు కోసం చూసిందని నేను అనుకుంటున్నాను. బావ మఫ్లరు సర్దుకుని, బస్సుకు టైమైందని లేచాడు. మైకు తీసుకోలేదు. గడప దాటుతూ ఏదో అన్నాడు. మైకు లోపల ఉండిపోయింది, అతను బయట ఉన్నాడు, నాకు వినిపించలేదు. గొంతు చిన్నవాడి మాట ఎలా పోతుందో అతనికి ఇప్పుడు తెలిసే ఉంటుంది.

ఆ తర్వాత అతని బిడ్డ మళ్లీ ఫోన్ చేస్తున్నది. చిన్న మనసు చేయొద్దని ఇంటివాళ్లు అంటున్నారు. గొంతు పోయిన మనిషిని గోస పెడుతున్నానని గ్రూపులో ఒకరు రాశారు. నా గొంతు పోయిందన్నప్పుడు వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టిన చేతులతోనే ఇప్పుడు నాకు బుద్ధులు రాస్తున్నారు. రాయనీ.

సిరిసిల్ల కార్యక్రమానికి నేను వస్తాను. మైకు నా చేతుల్లోనే తెస్తాను. కొత్త సెల్లు వేస్తాను, వైరు నేనే డబ్బాలో పెడతాను, ఎవరూ గుంజకుండా పక్కన నిలబడతాను. బావా, అది నీ చేతికిస్తాను. నువ్వు నీ ఇష్టమొచ్చిన పాట పాడుకో, మా అమ్మ పాటే పాడుకో, నేను వెనక నుంచి అందుకుంటాను కూడా. కాని పాటకు ముందు ఆ ఒక్క మాట. గొంతు లేదని సాకు చెప్పకు. ఈ మైకు ముందు గొంతుతో పని లేదని మన ఇంట్లో నీ చెవులతో నువ్వే విన్నావు. అత్తకు వినిపించకుండా మాట్లాడిన ఆడవాళ్ల మాటనే ఇది సముద్రం దాటించింది. నీ గుసగుసను ఆఖరి కుర్చీ దాకా తీసుకుపోలేదా?

అడుగుతున్నాను, అందరి ముందు అడుగుతున్నాను. జగిత్యాలలో వైరు గుంజింది ఎవరు? చెప్పు, బావా.